తీసేసే ముందు వినండి: ఒక మేనేజ్‌మెంట్ లాయరు మాట

నేను యాజమాన్యాల పక్షాన పనిచేసే లేబర్ లాయర్ని. ఫ్యాక్టరీలు, ఆసుపత్రులు, స్కూళ్లు, సాఫ్ట్‌వేర్ కంపెనీలు నా క్లయింట్లు. హైదరాబాద్‌లో మమ్మల్ని 'మేనేజ్‌మెంట్ సైడ్' అంటారు. ఆ మాట వినగానే చాలామందికి డబ్బున్నవాడి పక్కన చేరి పేదవాడి పొట్ట కొట్టే మనిషే గుర్తొస్తాడు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎవరో ఒక పెద్దాయన పక్కన కూర్చుని అడుగుతూనే ఉంటారు: "కార్మికుల తరఫున వాదించొచ్చు కదా బాబూ?" వాళ్లకు నేను చెప్పదలుచుకున్నది ఒకటే. ఒక మనిషిని ఉద్యోగంలోంచి తీసేయాలని యజమాని తేల్చుకునే ముందు, ఆ మనిషి మాట చెవిన పడేలా చూడటమే యాజమాన్యం లాయరు అసలు పని. కోర్టులో వాదన ఆ తర్వాతి సంగతి. ఆ పని చేయని లాయరు కార్మికుడికి ఎంత అన్యాయం చేస్తాడో, ఫీజు ఇచ్చే క్లయింటుకూ అంతే చేస్తాడు.

మాకు ఫోన్లు ఎలా వస్తాయో చెబుతాను. "సార్, ఆ మనిషిని రేపటికల్లా పంపించెయ్యాలి. లెటరు రాసి పెట్టండి." ఏం చేశాడని అడిగితే సూపర్‌వైజర్‌తో గొడవ, చెప్పాపెట్టకుండా మానేయడం, స్టోర్స్‌లో లెక్క తేడా, ఇలాంటిదేదో చెబుతారు. అతణ్ని అడిగారా అంటే, "అడిగేదేముంది సార్, అందరికీ తెలిసిందే కదా" అంటారు. ఆ 'అందరికీ తెలిసిందే' దగ్గరే యాజమాన్యాలు కేసులు పోగొట్టుకుంటాయి. మీకు తెలిసిన విషయంతో కోర్టుకు పనిలేదు, రుజువై తేలిన విషయం కావాలి.

యజమాని కోపం ఉత్త అహంకారం అని నేననను. బ్యాంకు కిస్తీ దగ్గరపడుతుంటుంది, ఆర్డరు పంపే తేదీ దాటిపోతుంటుంది, రాత్రి షిఫ్టులో ఒక లైను ఆగిపోయి ఉంటుంది. ఆ టెన్షన్‌లో ఉన్న మనిషికి ముప్ఫై పేజీల చట్టం చదివి వినిపిస్తే ఎక్కదు. అందుకే నేను రెండే ప్రశ్నలు అడుగుతాను. అతను ఏం చేశాడో ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరి ముందు అన్నది మీరు ఒక కాగితం మీద రాయగలరా? అతను దానికి ఏమంటున్నాడో మీకు తెలుసా? ఈ రెండింటికీ జవాబు లేకుండా నేను డిస్మిసల్ లెటరు రాయను. దీనివల్ల కొందరు క్లయింట్లు వేరే లాయరు దగ్గరికి వెళ్లారు. వెళ్లనివ్వండి.

తప్పు చేశాడని ఒక కార్మికుణ్ని తీసేయడానికి మన దగ్గర ఒక వరస ఉంది. చార్జిషీటు (ఆరోపణలు రాసిన కాగితం) ఇవ్వాలి, సంజాయిషీ తీసుకోవాలి. అది సరిపోలేదనిపిస్తే డొమెస్టిక్ ఎంక్వైరీ, అంటే కంపెనీ లోపలి విచారణ, పెట్టాలి. ఎంక్వైరీ ఆఫీసర్ రిపోర్టు నకలు అతనికి ఇచ్చి, దాని మీద అతనేమంటాడో వినాలి. శిక్ష వేసేటప్పుడు అతని వెనకటి సర్వీసు చూడాలి. ఇదంతా చేసినా, శిక్ష మరీ ఎక్కువైందనిపిస్తే లేబర్ కోర్టు దాన్ని తగ్గించగలదు. 1971లో పారిశ్రామిక వివాదాల చట్టంలో 11ఎ సెక్షన్ చేర్చినప్పటి నుంచీ ఆ అధికారం ఉంది, దాని స్థానంలో వచ్చిన కొత్త ఇండస్ట్రియల్ రిలేషన్స్ కోడ్‌లోనూ ఉంది. చాలామంది యజమానులు ఈ వరసను దాటాల్సిన అడ్డంకుల్లాగే చూస్తారు. నా అనుభవంలో మాత్రం, ఫ్యాక్టరీలో నిజంగా ఏం జరుగుతోందో యజమానికి మొదటిసారి తెలిసేది చాలాసార్లు ఈ ఎంక్వైరీలోనే.

ఒక ఉదాహరణ చెబుతాను. జీడిమెట్ల వైపు ఒక యూనిట్. మెషిన్ ఆపరేటరు సూపర్‌వైజర్‌ను తిట్టి, మీద మీదకు వెళ్లాడని ఆరోపణ. హెచ్ఆర్ వాళ్లు అప్పటికే చార్జిషీటు ఇచ్చేశారు. ఇంగ్లీషులో, ప్రభుత్వం నమూనాగా ఇచ్చిన ఉద్యోగ నియమాల్లోని (మోడల్ స్టాండింగ్ ఆర్డర్స్) వాక్యం ఉన్నదున్నట్టు దించారు. క్రమశిక్షణకు భంగం కలిగించే ప్రవర్తన అని ఉంది. ఏ మాట అన్నాడో లేదు, ఏ షిఫ్టో లేదు, చూసినవాళ్లెవరో లేదు. ఆ కుర్రాడిది శ్రీకాకుళం జిల్లా. తెలుగు తప్ప చదవలేడు. ఆ కాగితం జేబులో పెట్టుకుని ఎవరెవరి చేతో చదివించుకుంటూ తిరిగాడు. నేను ఆ చార్జిషీటు వెనక్కి తీసుకోమని చెప్పి, తెలుగులో కొత్తది రాయించాను. తేదీ, సమయం, అన్న మాటలు, సాక్షుల పేర్లు, అన్నీ.

క్యాంటీన్ పక్కన చిన్న గదిలో ఎంక్వైరీ జరిగింది. ఎంక్వైరీ ఆఫీసర్‌గా కంపెనీకి సంబంధం లేని రిటైర్డ్ ఉద్యోగిని పెట్టించాను. ఒక పక్క కంపెనీ తరఫున ఆరోపణలు వినిపించే ప్రెజెంటింగ్ ఆఫీసర్, ఇంకో పక్క ఆ కుర్రాడు, అతనికి సాయంగా తోటి కార్మికుడు. ప్రతి సాక్షి మాటా తెలుగులో రాసి, గట్టిగా చదివి వినిపించి, ప్రతి పేజీ కిందా అందరి సంతకాలూ తీసుకున్నారు. సూపర్‌వైజర్ తన సాక్ష్యం చెప్పాక, ప్రశ్నలు అడగొచ్చని ఆఫీసర్ ఆ కుర్రాడితో అన్నాడు. అతను చాలాసేపు తల దించుకుని కూర్చుని, చివరికి ఒక్కటే అడిగాడు: "అన్నా, నేను చేసిన ఓటీ స్లిప్పులు మీరు ఆఫీసుకి పంపించారా లేదా? అదొక్కటి చెప్పండి." సూపర్‌వైజర్ దగ్గర జవాబు లేదు. స్లిప్పులు నెలల తరబడి అతని సొరుగులోనే ఉండిపోయాయి. అప్పటి ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఓవర్‌టైమ్‌కి (ఓటీకి) రెట్టింపు జీతం ఇవ్వాలి. ఆ లైన్లో చాలామందికి అది అందలేదు. యజమానికి ఈ సంగతే తెలియదు.

తిట్టడం తప్పే, అది రుజువైంది కూడా. ఒక ఇంక్రిమెంటు ఆపారు. ఓటీ బకాయిలు అందరికీ కట్టారు. సూపర్‌వైజర్‌ను వేరే సెక్షన్‌కు మార్చారు. మొదటి రోజు అడిగినట్టు లెటరు రాసిచ్చి ఉంటే, ఆ కుర్రాడు వెళ్లిపోయేవాడు, స్లిప్పులు సొరుగులోనే ఉండేవి, కొన్నాళ్లకు ఇంకో కుర్రాడు ఇంకో సూపర్‌వైజర్ మీదకు వెళ్లేవాడు.

ఇందులో న్యాయం సంగతి పక్కన పెట్టి డబ్బు లెక్కే చూద్దాం. యజమానులకు అది కూడా ముఖ్యమే, ఉండాలి కూడా. నెలకు 20,000 జీతం ఉన్న మనిషిని ఎంక్వైరీ లేకుండా తీసేశారు. కేసు ఎనిమిదేళ్లు నడిచి అతనే గెలిచి, పూర్తి బ్యాక్ వేజెస్, అంటే తీసేసిన కాలానికి జీతమంతా, ఇవ్వమని తీర్పు వచ్చిందనుకోండి. 19 లక్షల 20 వేలు. మనిషి మళ్లీ పనిలోకి వస్తాడు. తొలగింపు చెల్లదని తేలితే తిరిగి ఉద్యోగం, పూర్తి బ్యాక్ వేజెస్ ఇవ్వడమే సాధారణ నియమం అని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. బ్యాక్ వేజెస్ కేసు కేసుకీ మారొచ్చు, సగం కావొచ్చు, అసలు రాకపోవచ్చు. కానీ ఆ జూదం ఆడమని నేను ఏ క్లయింటుకూ చెప్పలేను.

ఇక్కడ 1993 నాటి జె.ఎం.ఎ. ఇండస్ట్రీస్ కేసు గుర్తు చేయాలి. ఆ కంపెనీ స్టాండింగ్ ఆర్డర్స్‌లో, చెప్పకుండా ఎనిమిది రోజులకు మించి రాకపోతే ఉద్యోగం దానంతటదే పోతుందని ఒక రూలు ఉంది. దాని ప్రకారమే ఒక కార్మికుడి పేరు తీసేశారు. అతను మాత్రం, నేను వస్తూనే ఉన్నాను, గేటు దగ్గరే ఆపేశారు అన్నాడు. లేబర్ కోర్టు కంపెనీ చేసింది సరే అంది. సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. జీవనోపాధి పోయేచోట మనిషి మాట వినకుండా ఏ రూలూ దానంతటది పనిచేయదని చెప్పి, సగం బ్యాక్ వేజెస్‌తో తిరిగి తీసుకోమంది. ఇది జరిగి ముప్ఫై ఏళ్లు దాటింది. ఇప్పటికీ "పదిరోజులు రాలేదు కాబట్టి మీరే మానేసినట్టు భావిస్తున్నాం" అనే లెటర్లు నా టేబుల్ మీదకు వస్తూనే ఉన్నాయి. వచ్చిన ప్రతిసారీ నా సలహా ఒకటే: ముందు అతని ఊరి అడ్రసుకు స్పీడ్ పోస్టులో పనికి రమ్మని రాయండి. వాట్సాప్‌లో కూడా పెట్టండి. 'డోర్ లాక్డ్' అని కవరు తిరిగొస్తే ఆ కవరు చించకుండా ఫైల్లో దాచండి. ఆ మనిషి ఆసుపత్రిలో ఉన్నాడేమో, ఇంట్లో చావు జరిగిందేమో, ఎవరికి తెలుసు?

యజమానుల వైపు బాధ కూడా చెప్పాలి, లేకపోతే నేను నిజాయితీగా రాసినట్టు కాదు. భారత్ ఫోర్జ్ కేసు ఉంది. 1983 ఆగస్టులో, పని వేళలో ఒక కార్మికుడు ఇనుప పలక మీద పడుకుని నిద్రపోతూ దొరికాడు. అంతకు ముందు కూడా మూడుసార్లు అతని మీద తప్పులు నమోదై ఉన్నాయి. కంపెనీ ఎంక్వైరీ చేసి డిస్మిస్ చేసింది. లేబర్ కోర్టు శిక్ష ఎక్కువైందని, సగం బ్యాక్ వేజెస్‌తో తిరిగి తీసుకోమంది. అక్కణ్నుంచి కేసు పై కోర్టులకు వెళ్లి, 2005 జనవరిలో సుప్రీంకోర్టు డిస్మిసల్ సరైనదే అని తేల్చింది. అతను నిద్రపోతూ దొరికిన రోజు నుంచి అప్పటికి ఇరవై ఒక్క ఏళ్లు దాటింది. ఈ కేసు గురించి చెబితే ప్రతి యజమానీ తల పట్టుకుంటాడు. ఆ బాధ న్యాయమైనదే. నలభై మందితో నడిచే యూనిట్‌కు అంతకాలం కేసు మోయడం అసాధ్యం. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలోని 17బి సెక్షన్ ప్రకారం, తిరిగి తీసుకోమన్న తీర్పు మీద హైకోర్టుకు వెళ్లిన యజమాని, ఆ మనిషికి వేరే పని లేకపోతే, కేసు తేలేదాకా ఆఖరి జీతం నెలనెలా ఇస్తూ ఉండాలి. పని ఉండదు, జీతం వెళుతూ ఉంటుంది. లేబర్ కోర్టుల్లో ఖాళీలు నింపకపోవడం, వాయిదాల మీద వాయిదాలు పడటం వల్ల నష్టం ఇద్దరికీ. కార్మికుడికి ఇంకా ఎక్కువ, ఎందుకంటే అతను ఆకలితో ఎదురుచూస్తాడు.

అయితే ఆ కేసులో చివరికి కంపెనీని నిలబెట్టింది ఏమిటి? సరైన ఎంక్వైరీ, ఫైల్లో ఉన్న పాత రికార్డు. కోర్టు ఆలస్యం నా చేతిలో లేదు. ఎంక్వైరీ ఫైలు నా చేతిలో ఉంది. ఒక సంగతి కొత్తగా ఈ పనిలోకి వచ్చే లాయర్ల కోసం చెబుతాను. ఎంక్వైరీలో లోపం ఉందని కోర్టు తేలిస్తే, కోర్టులోనే కొత్తగా సాక్ష్యం పెట్టుకునే అవకాశం యాజమాన్యానికి ఉంటుంది. కానీ ఆ అవకాశం కావాలని కోర్టుకిచ్చే మొదటి రాతపూర్వక జవాబులోనే (కౌంటర్‌లో) అడగాలి. 2001లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దీన్ని స్పష్టంగా చెప్పింది. ఆ ఒక్క వాక్యం కౌంటర్‌లో రాయకపోవడం వల్ల నిజంగా తప్పు రుజువు చేయగలిగిన యాజమాన్యాలు కూడా కేసు పోగొట్టుకుంటాయి.

లేబర్ కోర్టులో లాయరుకు హక్కుగా స్థానం లేదన్న సంగతి బయట చాలామందికి తెలియదు. అవతలి పక్షం ఒప్పుకుని, కోర్టు అనుమతిస్తేనే మేం నిలబడాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 36(4) సెక్షన్ ఇదే చెప్పింది, కొత్త కోడ్ కూడా ఇదే చెబుతోంది. యజమానుల సంఘంలో పదవిలో ఉన్న లాయరు ఆ హోదాలో రావొచ్చని 1976లో పారాదీప్ పోర్ట్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు అంది. ఈ నిబంధన మా సంపాదనకు అడ్డమని కొందరు మిత్రులు విసుక్కుంటారు. నాకు మాత్రం అది సరైనదే అనిపిస్తుంది. డబ్బున్న పక్షం పెద్ద లాయర్ని తెచ్చుకుని సామాన్యుడి నోరు మూయించకూడదని ఆ చట్టం రాసినవాళ్లు అనుకున్నారు. ఇప్పుడు కార్మికులూ లాయర్లను పెట్టుకుంటున్నారు కాబట్టి అనుమతి మామూలుగానే వస్తుంది. అయినా ఆ ఉద్దేశం నేను మరిచిపోను. అవతల చదువు లేని యూనియన్ నాయకుడు ఒంటరిగా నిలబడి ఉంటే, పత్రాల నకళ్లు ఒక రోజు ముందే అతనికి అందేలా చూస్తాను. దానివల్ల నేను ఓడిపోయిన కేసు ఒక్కటీ లేదు.

ఫ్యాక్టరీల కంటే ఎక్కువగా నన్ను ఇప్పుడు బాధపెడుతున్నది సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో రాజీనామాల వ్యవహారం. ఒక అమ్మాయినో అబ్బాయినో చిన్న గదిలోకి పిలుస్తారు. లోపల ఇద్దరు హెచ్ఆర్ వాళ్లు. ఫోన్ బయట పెట్టమంటారు. "రిజైన్ చేస్తే రిలీవింగ్ లెటర్ మంచిగా ఇస్తాం. లేకపోతే టెర్మినేట్ చేస్తాం, ఇంకెక్కడా ఉద్యోగం రాదు." సాయంత్రానికల్లా మెయిల్ లాగిన్ పనిచేయదు. చేతిలో హోమ్ లోన్ ఉన్నవాళ్లు, అమెరికా వీసా ప్రయత్నాల్లో ఉన్నవాళ్లు అక్కడికక్కడే సంతకం పెట్టేస్తారు. ఇలాంటి మీటింగుల్లో ఏం మాట్లాడాలో రాసిమ్మని నన్ను అడిగిన కంపెనీలున్నాయి. నేను రాయను. బెదిరించి తీసుకున్న రాజీనామాను చట్టం రాజీనామాగా లెక్కపెట్టదు.

'మా దగ్గర కార్మికులే లేరు, అందరూ ఇంజినీర్లే' అనేది వాళ్ల ధైర్యం. హోదా పేరేదైనా చట్టం చూసేది రోజూ చేసే పనిని. టెక్నికల్ పని చేసేవాళ్లు కూడా చట్టంలోని 'కార్మికుడు' అన్న నిర్వచనంలోకి వస్తారు. విజిటింగ్ కార్డు మీద 'లీడ్' అని రాసి, రోజంతా కోడ్ రాయించుకుంటే అతను మేనేజర్ అయిపోడు. కంపెనీకి నిజంగా ప్రాజెక్టు పోయిందా? ఆ మాట పైకి చెప్పండి. నోటీసు ఇవ్వండి, పరిహారం లెక్క కట్టి చేతిలో పెట్టండి. పనితీరు బాగాలేదని అబద్ధం రాసి, ఆ మనిషి వచ్చే ఇంటర్వ్యూలో తలెత్తుకోలేకుండా చేయకండి. పరిహారం ఖర్చు ఒక్కసారిది. ఆ అబద్ధం ఆ కుటుంబాన్ని ఎన్నేళ్లు వెంటాడుతుందో మీరు చూడరు. నేను చూస్తున్నాను, ఎందుకంటే వాళ్ల తల్లిదండ్రులు కొందరు మా ఆఫీసుకే వచ్చి కూర్చుంటారు, నేను కంపెనీ లాయర్నని తెలిసి కూడా.

మహిళలపై లైంగిక వేధింపుల ఫిర్యాదుల్లో పరిస్థితి ఇంకా సున్నితం. 1997లో సుప్రీంకోర్టు 'విశాఖ' కేసు తీర్పు, 2013లో చట్టం వచ్చాయి. పదిమంది ఉన్న ప్రతి చోటా ఈ ఫిర్యాదులు విచారించే ఇంటర్నల్ కమిటీ ఉండాలి, అధ్యక్షురాలు మహిళే కావాలి, బయటి సభ్యులొకరు ఉండాలి, 90 రోజుల్లో విచారణ ముగించాలి. కమిటీ ముందు ఏ పక్షమూ లాయర్ని తెచ్చుకోకూడదని రూల్స్‌లోనే ఉంది. అయినా "రిపోర్టు మీరే రాసిచ్చేయండి సార్, మేడమ్‌లు సంతకం పెడతారు" అన్న మాట నేను విన్నాను. రాయనంటే రాయను. కమిటీ సభ్యులకు విచారణ ఎలా చేయాలో ముందే శిక్షణ ఇవ్వడం నా పని. ఏం తేల్చాలో చెప్పడం నా పని కాదు.

2025 నవంబరు 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పాతవి 29 చట్టాలు వాటిలో కలిశాయి. ఆ రోజు నుంచి ఫోన్లలో కొత్త మాట వినిపిస్తోంది: "ఇక 300 మంది దాకా ఎవరినైనా తీసేయొచ్చట కదా?" కాదు. రిట్రెంచ్‌మెంటుకు (తప్పు చేయకపోయినా పని తగ్గి మనుషుల్ని తీసేయడానికి), ఫ్యాక్టరీ మూతకు ప్రభుత్వం ముందస్తు అనుమతి తీసుకోవాల్సిన హద్దు 100 నుంచి 300కి పెరిగింది, అంతే. నెల నోటీసు, ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం అలాగే ఉన్నాయి. పైగా అలా తీసేసినవాళ్ల కోసం పెట్టిన రీస్కిల్లింగ్ ఫండ్‌కు మరో 15 రోజుల జీతం కట్టాలి. మనిషి వెళ్లిపోయిన రెండు పనిదినాల్లో జీతం లెక్క తేల్చాలి. సస్పెండ్ చేస్తే మామూలుగా 90 రోజుల్లో ఎంక్వైరీ ముగించాలి, అప్పటిదాకా సగం జీతం, దాటితే ముప్పావు జీతం భృతిగా ఇవ్వాలి. ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగికి ఏడాదికే గ్రాట్యుటీ. ఆ 90 రోజుల గడువు నాకు నచ్చింది. సస్పెన్షన్ పేరుతో మనుషుల్ని ఏడాది పాటు ఇంట్లో కూర్చోబెట్టడం ఇకనైనా ఆగాలి.

నన్ను ఆలోచింపజేస్తున్నది వేరే ఉంది. స్టాండింగ్ ఆర్డర్స్ కూడా ఇప్పుడు 300 మంది, అంతకు మించి ఉన్న చోట్లకే తప్పనిసరి. అంటే జీడిమెట్ల, చర్లపల్లి, ఆటోనగర్లలోని వేల చిన్న యూనిట్లలో ఏది తప్పు, దానికి ఏ శిక్ష అని చెప్పే కాగితమే లేకుండా పోవచ్చు. రూలు లేదు కాబట్టి స్వేచ్ఛ అని ఆ యజమానులు అనుకుంటే నష్టపోతారు. రాసి పెట్టిన రూలు లేకపోయినా, మనిషి మాట వినాలన్న నియమం పోదు.

అందుకే నా క్లయింట్లలో చిన్న యూనిట్లతో ఇప్పుడు ఒక పని చేయిస్తున్నాను. రెండు పేజీల్లో, తెలుగులోనూ హిందీలోనూ, ఎందుకంటే ఒడిశా, బీహార్ కుర్రాళ్లు లేని షెడ్డు ఇప్పుడు లేదు, సొంత రూల్స్ రాసి టైమ్ ఆఫీసు దగ్గర అతికించమంటున్నాను. చార్జిషీటు నమూనా, పనికి రమ్మని పిలిచే లెటరు నమూనా కూడా అదే భాషల్లో ఇస్తున్నాను. ఇది ఒక్కో లాయరు చేస్తే సరిపోయే పని కాదు. ప్రతి పారిశ్రామికవాడలోనూ యజమానుల సంఘం ఉంది. రిటైరైన లేబర్ ఆఫీసర్లు, బ్యాంకు అధికారులు, టీచర్లతో ఒక ఎంక్వైరీ ఆఫీసర్ల ప్యానెల్ ఆ సంఘమే పెట్టుకుని, ఖర్చు అందరూ పంచుకోవచ్చు. అప్పుడు నలభై మంది ఉన్న యజమాని కూడా తన సొంత మేనేజర్నే జడ్జిగా కూర్చోబెట్టాల్సిన అవసరం ఉండదు. ఈ ప్రతిపాదన రెండు సంఘాల ముందు పెట్టాను. ఒకటి ఒప్పుకుంది, పేర్లు సేకరిస్తోంది. మీకు తెలిసిన రిటైర్డ్ లేబర్ ఆఫీసర్లు ఎవరైనా ఈ పనికి సిద్ధంగా ఉంటే, మీ పారిశ్రామికవాడ సంఘానికి ముందు వాళ్ల పేరు చెప్పండి.